కానుకల వేళ వాయించిన ఇటలీ పాట

శుక్రవారం, పడుకునే ముందు

నిన్న నాన్న డ్రైవర్‌గా చేసే ఇంటి యజమాని, మేం బాబా అనే ఆయన, కారు కడుగుతూ అందులో ఉన్న సీడీ పెట్టాను. ఇటలీ వాళ్ల పాత రాక్ ఆల్బమ్. ముందు చర్చిలో లాగా ఆర్గాన్, వెనకే బోలెడు వయొలిన్లు. ఉన్నట్టుండి వాటి మీద డ్రమ్స్, గిటార్ వచ్చి పడ్డాయి. అయినా ఏదీ దేన్నీ తొక్కెయ్యలేదు. మనుషులు ఇలా కూడా వాయిస్తారా? గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కువైట్ ఎండకి నీళ్లు ఆరిపోయి నల్ల కారంతా తెల్ల మచ్చలు. మళ్లీ కడిగాను. మళ్లీ విన్నాను.

ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి కూడా ఈరోజే. ఆరాధనలో కానుకల సంచి తిరుగుతుంటే కీబోర్డు మీద నా వేళ్లు ఆ ఆర్గాన్ ముక్కలోకే వెళ్లిపోయాయి. పిల్లల ఏడుపులు కూడా ఆగాయి. సంచి పట్టుకున్న మరియమ్మత్త నడవడం మర్చిపోయింది.

అయ్యాక పాస్టర్ గారు పిలిచారు. "ఏ పాటరా అబ్బాయ్ అది? మన పాటల పుస్తకంలో లేదే!"

రాక్ పాటలు సాతాను గోల అని పోయిన వారమే చెప్పారాయన.

"ఇటలీదండి" అన్నాను.

"పెద్ద పెద్ద చర్చిలున్న దేశం అండి అది. భక్తి ఎక్కడికి పోద్ది!" అంది మరియమ్మత్త.

"అయితే వచ్చే శుక్రవారం మొత్తం వాయించరా" అన్నారు పాస్టర్ గారు.

నిజం చెబితే ఇంక కీబోర్డు ముట్టుకోనివ్వరు. నోరు విప్పకుండా నేను పదిమందిలో ఉండగలిగేది అక్కడొక్కచోటే. కానీ ఆయనే మొత్తం అన్నారు. వాళ్లు విన్నది మొదటి రెండు నిమిషాలే.

డ్రమ్స్ ఇంకా రాలేదు.