తిట్టేవాళ్ళు లేని ఇంజను గది

అన్నా,

నౌకాదళం వదిలేసి లిఫ్టుల కంపెనీలో చేరావట. ఎక్కడికెళ్ళినా పైకీ కిందకీ ఊగడం మాత్రం తప్పలేదన్నమాట!

మీ బ్యాచ్ మొత్తం వెళ్ళిపోయాక అనుభవమున్నవాళ్ళు దొరక్క, ఈ ఓడ ఇంజను గదికి నన్నే పెద్దదిక్కుని చేశారు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ళు "గురువుగారూ" అంటే, నిన్నే పిలిచారేమోనని ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాను.

నిన్న నువ్వు గుర్తొచ్చి, కావాలనే టీ గ్లాసు స్విచ్‌బోర్డు మీద పెట్టాను. తిట్టే నాథుడే లేడు. పైగా కుర్రాళ్ళు తమ గ్లాసులు కూడా తెచ్చి పక్కనే పెట్టారు.

"ఇదేమైనా మీ అత్తగారిల్లనుకున్నార్రా?" అని అరిచాను. అచ్చం నీ గొంతే! వాళ్ళు హడలిపోయారు. వాళ్ళకంటే ఎక్కువగా నేనే హడలిపోయాను.

ఓడ రేవుకి రాగానే ఒక్కసారి వచ్చి నన్ను తిట్టిపో అన్నా.

నీ తమ్ముడు