హెల్మెట్ లోపలి మనిషి

మార్చి 3, సోమవారం

అవతలి చానెల్ వాళ్లు వాళ్ల చంద్రుడి సీరియల్‌కి డేట్ ప్రకటించేశారు. మాకంటే వారం ముందు.

బావ మొహం మాడ్చుకుని ఎడిటింగ్ రూమ్‌లోకి వచ్చాడు. అక్క భర్త, మా సీరియల్‌కి నిర్మాత కూడా ఆయనే. కథలో రెండు దేశాలు చంద్రుడి కోసం కొట్టుకుంటున్నాయి, బయట మనం కొట్టుకుంటున్నాం అన్నాను. నవ్వలేదు. ఏం చేసైనా సరే, ముందు మనమే దిగాలట. రేపటి నుంచి రిహార్సల్స్ లేవు, నేరుగా షూటింగే.

మార్చి 5

తమ్ముడు స్పేస్ సూట్‌లో ఫొటో పంపాడు. గుమ్మడికాయలా ఉన్నావన్నాను. కుళ్లుకోకు చిన్నక్కా, అన్నాడు. వాడికిదే మొదటి పెద్ద వేషం.

గాలి ఆడటానికి హెల్మెట్‌లో బుల్లి ఫ్యాన్ ఉందట. డైలాగులు తర్వాత డబ్బింగ్‌లో చెప్తాడు కాబట్టి మైక్ లేదు. ఇబ్బందనిపిస్తే గుండె మీద రెండుసార్లు కొట్టుకోవాలట. వెంటనే ఆపేస్తారట.

మార్చి 6, మధ్యాహ్నం

చంద్రుడి మీద ఆక్సిజన్ అయిపోయే సీన్ ఫుటేజ్ వచ్చింది. వీడు నా తమ్ముడేనా! మోకాళ్ల మీద కూలబడ్డాడు. గ్లవ్స్‌తో ఇసుక గీరాడు. అద్దం వెనక కళ్లు తేలేశాడు. అసిస్టెంట్‌ని పిలిచి మళ్లీ చూశాను. ఇద్దరం చప్పట్లు కొట్టాం. షాట్ చివర సెట్‌లో వాళ్లు కొట్టిన చప్పట్లు కూడా వినిపించాయి.

సాయంత్రం

అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. హెల్మెట్‌లో ఫ్యాన్ ఆగిపోయిందట. ఏ సీన్‌లో అని నేను అడగలేదు.

మార్చి 7

ప్రమాదం లేదన్నాడు డాక్టర్.

మార్చి 8

ఆ షాట్ నెమ్మదిగా నడిపించి చూశాను. దుమ్ములో ఎవరికీ కనిపించలేదు గానీ, కొట్టుకున్నాడు. గుండె మీద రెండుసార్లు. ఆగి, మళ్లీ రెండుసార్లు. దానికే నేను చప్పట్లు కొట్టింది.

ఫ్యాన్ సరిచూసుకునే టైమ్ కూడా ఇవ్వలేదని కెమెరామన్ చెప్పాడు.

మధ్యాహ్నం బావ వచ్చి, ఆ షాట్ ఉంచు అన్నాడు. వాడు బాగానే ఉన్నాడుగా, ఇప్పుడేమైందని? అవతలి వాళ్లు జన్మలో తియ్యలేరట అలాంటిది. ఆసుపత్రికి పరిగెత్తాను. తమ్ముడూ అదే పాట. గొంతు బొంగురుపోయింది, అయినా వదల్లేదు. అంత బాగా మళ్లీ చెయ్యలేనక్కా, దాన్ని ముట్టుకోకు, నా కెరీర్ నిలబడిపోతుంది అన్నాడు. దుప్పటి సర్ది వచ్చేశాను.

మార్చి 9

ఆ షాట్ ఉంచి నేను ఎడిట్ చెయ్యనన్నాను. నువ్వు కాకపోతే ఇంకో ఎడిటర్, అన్నాడు బావ. సరే, ముందు అమ్మని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టు, ఆవిడ చివరిదాకా చూడగలిగితే నేనే చేసి పెడతాను అన్నాను. అత్తయ్యని మధ్యలోకి లాగకు, అని అరిచాడు. పోనీ నువ్వు చూడు, అన్నాను. సెట్‌లో ఆయన ఫోన్‌లో ఉన్నాడు, అందరూ పొగడటం విన్నాడే గానీ ఈ షాట్ చూడనేలేదు.

పక్కన కూర్చున్నాడు. తమ్ముడి చెయ్యి గుండె మీదికి వెళ్లినప్పుడల్లా, ఇదిగో అన్నాను. రెండోసారికి, ఆపవే అన్నాడు. తల పట్టుకున్నాడు. తర్వాత, తీసేయ్ అని లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ కుర్చీకి తట్టుకున్నాడు.

మార్చి 17

అవతలి వాళ్లు దిగేశారు. ఎపిసోడ్ బాగుంది. చాలా బాగుంది. ఆ మాట బావతో అనలేదు.

మార్చి 24

మాదీ వచ్చింది. గాలి అయిపోయే సీన్‌లో తమ్ముడి మొహం లేదు. నల్లటి ఆకాశం, రేడియోలో గొంతు, అంతే. పేలవంగా ఉందని పేపర్లు రాశాయి.

తమ్ముడు ఫోన్ చేసి, నా షాట్‌ని నువ్వే చంపేశావు అన్నాడు. పెట్టేశాడు. మళ్లీ నేను చేస్తే ఎత్తలేదు.

ఏప్రిల్ 2

తమ్ముడు వచ్చాడు. ఆ షాట్ ఒక్కసారి చూపించు, అన్నాడు. సరేనని, సౌండ్ బయటికి పోకుండా ఎడిటింగ్ రూమ్ తలుపు వేశాను.

తలుపు తియ్యి చిన్నక్కా, అన్నాడు.

ఇంకా నేనేమీ ప్లే చెయ్యలేదు.