నైరుతి మూల బరువు

వరంగల్,
16 నవంబర్ 2024, శనివారం.

అన్న కట్టయ్యకు,

తోడబుట్టకపోయినా నీతో ఒకే గోదాములో పనిచేసిన తమ్ముడు కుమారస్వామి చేతులు జోడించి రాస్తున్న సంగతులు. వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమమని రాయాలి, అది మర్యాద. ఒంటికైతే ఏ రోగమూ లేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. పోయిన ఏడాది నుంచి పదకొండుసార్లు చేశాను. నా నంబరు చూసి నువ్వు ఎత్తలేదు. ఉత్తరమైతే చింపే ముందు ఒక్కసారైనా చూస్తావని ఈ పని. మన లారీ డ్రైవర్ యాదగిరి రేపు అటు వస్తున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు డోర్నకల్‌లో రైల్వే గూడ్సు దగ్గర బస్తాలు మోస్తున్నావని చెప్పింది కూడా అతనే. యాభై దాటిన నడుముతో నీకిదేం ఖర్మ అన్నా.

మన సేటు వెంకట్రాజం కట్టించిన కొత్త గోదాము నువ్వు చూడలేదు. పరకాల రోడ్డు మీద బస్సు దిగి లోపలికి రెండు కిలోమీటర్లు నడవాలి. చుట్టూ పత్తి చేలు. అర కిలోమీటరు దాకా ఇల్లు లేదు, బడి లేదు, తాగే నీళ్ల బావి లేదు. అట్లాంటి చోటైతేనే ఆఫీసర్లు ఒప్పుకున్నారు. పురుగుమందులు, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఉండే దగ్గర మనుషులు ఉండొద్దట. మరి నేనెవరిని అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

లోపల అగ్గిపుల్ల గీయడానికి లేదు. పొద్దున దేవుడి పటం ముందు ఊదుబత్తి కూడా గేటు గదిలోనే. చాయ్ ఫ్లాస్కులో తెచ్చుకుంటాను, ఫోను గేటు దగ్గరే పెట్టి లోపలికి పోతాను. నీ చెవి మీద ఎప్పుడూ ఉండే బీడీకి ఇక్కడ చాలా కష్టం. పత్తి ఏరే ఆడవాళ్ల మాటలు దూరంగా వినపడితే పని ఆపి, గోడ దగ్గర నిలబడి వింటున్నాను. ఎవరి కోడలు ఏమన్నదో, ఎవరి బర్రె ఈనిందో అన్నీ నాకు తెలుసు. వాళ్లకు మాత్రం నేనున్నట్టే తెలియదు. ఇంకో నెలలో పత్తి అయిపోతుంది, అప్పుడు ఆ మాటలూ ఉండవు. దిగులుగా ఉంటోంది అన్నా. చెప్పుకోవడానికి సిగ్గు, చెప్పకపోతే భారం.

పని మాత్రం పద్ధతిగా ఉంది. యాసిడ్‌కు ఒక కొసన గది, బ్లీచింగ్ పౌడర్‌కు ఇంకో కొసన గది. బస్తాలు చెక్క బల్లల మీద పెట్టాలి, గోడకు ఆనించొద్దు, చుట్టూ మనిషి తిరిగి చూసే సందు ఉండాలి. యాసిడ్ గది గడప జానెడు ఎత్తు కట్టారు, డబ్బా కారినా బయటికి రాదు. తలుపులు రెండూ బయటికే తెరుచుకుంటాయి, వాటి ముందు ఖాళీ డబ్బా కూడా పెట్టొద్దు. ఎడమ తలుపు గొళ్లెం జర గట్టి, పైకెత్తి లాగాలి.

సేటు మాత్రం మారలేదు. వాస్తు ప్రకారం బరువంతా నైరుతి మూలనే ఉండాలని ఇక్కడా పట్టుబట్టాడు. ఆఫీసరు ఇచ్చిన నక్షా చూపిస్తే ముఖం మాడ్చుకున్నాడు. చివరికి, ఏదైనా కారితే పోయడానికి తెచ్చిన ఇసుక బస్తాలన్నీ నైరుతిలో పేర్చాను. బరువుకు బరువూ ఉంది, సేటుకు నిమ్మళమూ ఉంది.

ఈ ఉపాయం పాత గోదాములో తట్టలేదు. నైరుతిలో బరువుండాలన్నాడని యాసిడ్ డబ్బాలు, బ్లీచింగ్ బస్తాలు ఒకే మూలన పెట్టింది మనమే. నువ్వు మోశావు, నేను రాసుకున్నాను. పోయిన ఏడాది ఎండాకాలం డబ్బా పగిలి బస్తాల మీదికి కారింది. పచ్చటి పొగ వెనక కిటికీలోంచి నేరుగా మీ అక్క మొగిలమ్మ ఇంట్లోకి పోయింది. పది రోజులు దవాఖానలో ఉండి బయటపడింది గానీ, నాలుగు మెట్లెక్కితే ఇప్పటికీ ఒకటే దగ్గు. పోయిన వారం చూసి వచ్చాను. నీ గురించే అడిగింది.

తర్వాత ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టారు. ఏ మూల ఏ సరుకుందో, కిటికీకి ఇల్లు ఎన్ని అడుగులో అన్నీ రాశారు. ఆఫీసర్లు వచ్చి పాత గోదాముకు తాళం వేశారు. లోపలి మనిషే రాశాడన్నాడు సేటు. మొగిలమ్మ తమ్ముడివి కాబట్టి అది నువ్వేనని తేల్చేసి, పనిలోంచి పొమ్మన్నాడు. పిల్లల మీద ఒట్టేశావు. "ఇరవై రెండేండ్ల సంది నీ ఉప్పు తింటున్న సేటూ, నేనట్ల జేస్తనా?" అన్నావు. నేను స్టాకు బుక్కు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నా వైపు చూశావు. నీ తరఫున నేను ఒక్క మాట అనలేదు. నువ్వు ఫోన్ ఎత్తనిది అందుకేనని తెలుసు.

ఇప్పుడు అసలు మాట. సేటుకు నీ మీద అనుమానం పోయింది. నిన్ను పిలిపించమని నిన్న తన నోటితోనే అన్నాడు. గోదాము చూసుకునే మనిషి కావాలట. మోత పని కాదు, స్టాకు చూసే పని. ఏడో తరగతి చదివావు, నీకు రాత వచ్చు, సరుకు గురించి నీకంటే తెలిసినవాళ్లు లేరు. సోమవారం పొద్దున పదింటికల్లా రా. నా మీది కోపంతో ఈ పని కాదనుకోకు.

నీ రాక కోసం చూస్తూ,
కుమారస్వామి

తా.క.: ఆ అర్జీ రాసింది నేనే. మొగిలమ్మను ఆటోలో ఎక్కించినప్పుడు ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. వారం రోజులు నిద్ర పట్టక రాశాను. రాసినందుకు నాకు బాధ లేదు. నీ పేరు పైకొచ్చినప్పుడు నోరు మూసుకోవడమే నేను చేసిన పాపం. ఈ వయసులో పని పోతే మళ్లీ ఎవరిస్తారని భయపడ్డాను. నిన్న సేటుకు అంతా చెప్పేశాను. అతను, "అర్జీ పెట్టినందుకు గాదు, కట్టయ్యను పోనిచ్చినందుకు తాళాలు ఇచ్చి పో" అన్నాడు. నువ్వు వచ్చేది నా పనిలోకే అన్నా.

తాళాలు నీ చేతికిచ్చే దాకా గేటు దగ్గరే ఉంటాను. తిట్టాలనిపిస్తే నా పేరు పెట్టి గట్టిగా తిట్టు. ఇక్కడికి వచ్చాక నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు.