సమాధానానికి వదిలిన ఖాళీ

మార్చి 6, గురువారం

ఈ ఉదయం మా కార్యాలయంలో నాణ్యతా పరిశీలన సంఘం ఏర్పడింది. ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఉపాధ్యాయులు ఇళ్ల దగ్గర రికార్డు చేసి పంపే రేడియో పాఠాలను విని, నిర్మాణాత్మకమైన సలహాలు ఇవ్వడం దీని విధి. అధ్యక్షుణ్ణి నేను. సభ్యుణ్ణీ నేనే. కోరం కోసం మరొకరిని వెతకవలసిన అవసరం కలగలేదు.

సర్క్యులర్ ప్రకారం మొదట మెచ్చుకోవాలి. మధ్యలో ‘మెరుగుపరచదగిన అంశం’ చెప్పాలి. చివర మళ్లీ మెచ్చుకోవాలి. ‘తప్పు’ అనే మాట వాడరాదు.

మొదటి పాఠం యలమందది. లెక్కలు. డిగ్రీ రోజుల నుంచి అతనికి నేను తప్ప, నాకు అతను తప్ప చెప్పుకోదగ్గ మిత్రులు లేరు. కాబట్టి నిష్పాక్షికంగా విన్నాను.

మార్చి 7, సాయంత్రం

సంఘం అభిప్రాయం: కంఠం స్పష్టం. ప్రశ్న అడిగిన తరువాత పిల్లలు సమాధానం చెప్పుకోవడానికి వదిలిన ఖాళీ చాలదు. మిర్చి టిక్కీల, అంటే బస్తాల, బరువులతో సమీకరణాలు బోధించిన తీరు ప్రశంసనీయం.

అందిన వెంటనే యలమంద ఫోన్ చేశాడు. ఒరేయ్ మాలిక్, ముందూ వెనకా ఆ పొగడ్తలేందిరా పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలాగా, ఆ మధ్యలోది ఒక్కటీ చెప్పి ఏడవరాదా అన్నాడు. ఖాళీ చాలదన్నాను. ఎక్కువ వదిలితే పిల్లకాయలు రేడియో కట్టేసి ఆటలకి పోతారంట. నువ్వు పిహెచ్‌డీ చేసినోడివి, పిల్లల మొహం ఎప్పుడు చూశావు అన్నాడు.

ఈ సమాధానాన్ని సంఘం నమోదు చేసుకుంది. అంగీకరించలేదు.

మార్చి 19, బుధవారం

మూడో పాఠంలో దగ్గు వినబడుతోంది. యలమంద ఇల్లు మిర్చి యార్డు వెనక వీధిలో. ఈ సీజనులో ఆ వీధిలో ఎవరైనా దగ్గకపోతే ఒంట్లో బాగాలేదేమోనని ఇరుగుపొరుగు కంగారుపడతారు.

మెరుగుపరచదగిన అంశం: ఘాటు.

మా సౌండ్ ఎడిటర్ హారిక దగ్గులు కోసేయమంటారా సార్ అని అడిగింది. కోస్తే పాఠం నిడివి తగ్గుతుంది. నిడివి తగ్గితే రేడియో వాళ్లు వెనక్కి పంపుతారు. అందుచేత దగ్గును చెరిపేసి, అది ఉన్నంత మేరా నిశ్శబ్దం ఉంచవలసిందిగా ఆదేశించాను.

ఏప్రిల్ 9, బుధవారం

దగ్గులు పెరిగాయి. హారిక ఒక సంగతి కనిపెట్టింది. సారు ఎక్కడపడితే అక్కడ దగ్గడంలేదు సార్, ప్రశ్న అడిగేదాకా ఆపుకొని, అడిగేశాక దగ్గుతున్నారు అన్నది. క్రమశిక్షణ గల ఉపాధ్యాయుడు అన్నాను.

సాయంత్రం అతని ఇంటికి వెళ్లాను. వీధి మొదట్లోనే నాకూ దగ్గు వచ్చింది. మిరియాల కషాయం పోస్తున్నానన్నయ్యా, ఎంత పోసినా ఈ మాయదారి ఘాటుకి ఆగదు గదా అంది గురవమ్మ, అతని భార్య. గది తలుపేసుకుని రికార్డు చేస్తాడు, నన్ను గిన్నె కూడా కదపనియ్యడు అని ఫిర్యాదు చేసింది.

యలమంద చిక్కాడు. డైటింగా అని అడిగాను. లెక్కలు చెప్పేవాడికి తీసివేతలు రావాలి గదరా అన్నాడు. ముగ్గురం నవ్వాం, ముగ్గురం దగ్గాం. మిగిలిన పాఠాలు యార్డుకు సెలవులిచ్చాక రికార్డు చెయ్యమన్నాను. మంచి సలహా అన్నాడు. అతను నా సలహాను మెచ్చుకోవడం అదే ప్రథమం.

మే 20, మంగళవారం

యార్డుకు వేసవి సెలవులిచ్చి వారం దాటింది. కాటాలు ఆగిపోయాయి. లారీలు లేవు. ఆ వీధిలో పసిపిల్లలు సైతం దగ్గడం లేదు.

ఈరోజు తొమ్మిదో పాఠం వచ్చింది.

మే 20, అరగంట తరువాత

దగ్గు ఉంది.

మే 27, మంగళవారం

పెద్దాసుపత్రి. గురవమ్మ, నేను. యలమందను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

డాక్టరు గారు కూడా మా సర్క్యులర్ చదివినట్టున్నారు. మొదట మెచ్చుకున్నారు. షుగర్ లేదు, బీపీ లేదు, గుండె భేషుగ్గా ఉంది అన్నారు. తరువాత మధ్యలోది చెప్పారు. ఊపిరితిత్తిలో గడ్డ. కాలేయానికి కూడా పాకింది. చివర మెచ్చుకోవడానికి ఆయన కాగితాలు చాలాసేపు తిరగేశారు. ఏమీ దొరకలేదు.

ఘాటు గదండీ, మా వీధంతా అంతేనండీ అని గురవమ్మ ఆయనకు నచ్చజెబుతూనే ఉంది.

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. యలమంద ఆఖరి పాఠం పంపాడు. ఎట్లా ఉందో చెప్పరా అని అడిగాడు. అతను అడిగి చెప్పించుకోవడం ఇదే మొదటిసారి.

కంఠం స్పష్టం, బోధన ప్రశంసనీయం అని రాసి పంపాను. వెంటనే రమ్మని కబురు చేశాడు.

మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఏందిరా ఇది అన్నాడు. అటో పొగడ్త ఇటో పొగడ్త, మధ్యలోది ఏది అన్నాడు. లేదన్నాను. ఒరేయ్, అన్నీ మెచ్చుకోళ్లే చెప్పేది సంతాపసభలోరా, నేనింకా ఇక్కడే ఉన్నా, తప్పు చెప్పు అన్నాడు.

సర్క్యులర్‌లో నిషేధించిన మాట. సంఘం తటపటాయించింది.

ఖాళీ చాలదన్నాను.

అదీ, అట్లా ఏడువు అన్నాడు. సంతోషంగా వెనక్కి వాలాడు. దగ్గు తగ్గేదాకా వీపు పట్టుకుని కూర్చున్నాను. చేతికి ఎముకలన్నీ తగిలాయి.

జూలై 3, గురువారం

ఉదయం గురవమ్మ ఫోన్ చేసింది. యలమంద లేడు.

సంఘం ఈరోజు సమావేశం కాలేదు. కోరం లేదు.

ఆగస్టు 8, శుక్రవారం

పాఠాల మీద బడుల అభిప్రాయాలు కోరుతూ పంపిన ఉత్తరువుకు మొదటి స్పందన కొత్తపట్నం నుంచి వచ్చింది. ఖుర్షిదా అనే టీచరు ఫోన్ చేశారు. లెక్కల సారంటే మా పిల్లలకి ప్రాణమండీ అన్నారు. కారణం అడిగాను. మిగతా సార్లు ప్రశ్న అడిగి వాళ్లే జవాబు చెప్పేసుకుంటారంటండీ, ఈ సారు మాత్రం ఆగుతాడంట. ఆయన ఆగినంతసేపూ నాకు నాకు అని కేకలండీ, క్లాసు పైకప్పు లేచిపోతంది, మొద్దు మొహాలు కూడా జవాబు చెప్పేస్తన్నారు అన్నారు. పాఠాలు పోనుపోను సారు ఇంకా ఎక్కువసేపు ఆగుతున్నాడంట. మాకోసమే ఆగుతున్నాడని పిల్లల నమ్మకం.

సంఘం సూచన మేరకు ఖాళీ పెంచడమైనదని తెలియజేశాను.

సారు నంబరిస్తారా, పిల్లలు ఒక్కసారి మాట్లాడతారంట అన్నారు.

లైను బాగాలేదన్నాను. నిజానికి చాలా స్పష్టంగా ఉంది. వెనక పిల్లల గోల కూడా వినబడింది.

హారిక బల్ల దగ్గరికి వెళ్లాను. చెరిపేసిన దగ్గులు ఎక్కడైనా ఉంచావా అని అడిగాను. మీరే తీసేయమన్నారు గదా సార్ అన్నది. ఆ తరువాత ఆ అమ్మాయి నా మొహం చూడలేదు.

ఆగస్టు 9, శనివారం

తొమ్మిదో పాఠం పెట్టుకున్నాను. ఒక సంఖ్యకు అయిదు కలిపితే పన్నెండు వచ్చింది, ఆ సంఖ్య ఎంత అని అడిగాడు.

ఖాళీ.

ఏడు అన్నాను.

ఖాళీ ఇంకా ఉంది. లేచి నిలబడి మళ్లీ చెప్పాను.

ఏడు, శెభాష్, కూర్చో అన్నాడు.