వాష్‌బేసిన్ పక్క బుడగ

జూన్ 11
అయోడిన్ గదికి ఆఖరి కోటింగ్. వాష్‌బేసిన్ పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి పెయింటర్ సూర్రావు అంటాడు: "ఇంకా చెమ్మ ఉందండి. పది రోజులు ఆగితే మంచిది." ఎల్లుండి తనిఖీ. గది భద్రత చూసేది నేను, వీడు నాకు చెప్పేవాడా! వేయించేశాను.

జూన్ 13
తనిఖీ పాస్. రేడియేషన్ ఉన్న అయోడిన్ మందు తాగినవాళ్ల చెమట, ఉమ్మి ఎక్కడ పడ్డా తుడిస్తే పోవాలి, సిమెంటులోకి ఇంకకూడదు. ఈ పూత ఉన్నది అందుకే. డాక్టరుగారు భుజం తట్టారు.

జులై 2
బేసిన్ పక్కన బుడగ. రూపాయి బిళ్లంత. రిజిస్టర్లో రాయాలి... రేపు.

జులై 6
నరసాపురం నుంచి సత్యవతి. థైరాయిడ్ కేన్సర్. మూడు రోజులు ఒంటరిగా ఆ గదిలో. లేసు అల్లే మనిషి. దారపు ఉండ లాక్కున్నాను, లోపలికి వెళ్లిన గుడ్డా దారం మళ్లీ బయటికి రానివ్వం. "చేతులు ఊరుకోవు బాబూ" అంది. ఊరుకుంటాయి అన్నాను.

జులై 8
ఆ గోడ దగ్గర రేడియేషన్ మీటరు ఒకటే గోల. సత్యవతి కొప్పులో ఉన్న లేసు సూదితో — నేను చూడలేదు — బుడగ గిచ్చి, పొర పట్టుకుని లాగేసింది. చేటంత. తడి వేళ్లతో. మందు సిమెంటులోకి ఇంకింది. గది మూత, రెండు నెలల పైనే.
తర్వాతి వంతు రేవులో పడవ నడిపే అతనిది. రద్దు. అతని భార్యకు ఫోన్ చేశాను. విశాఖలో కూడా ఖాళీ లేదట. ఎవరు పాడు చేశారని అడిగింది. ఓ పేషెంటు అన్నాను.

జులై 9
రిపోర్టు. కారణం: రోగి. బుడగ మాట లేదు, చెమ్మ మాట లేదు. ఇంటికి పంపే ముందు సత్యవతికి చదివి వినిపించాను. పడవతని సంగతీ చెప్పాను. చెప్పక్కర్లేదు, చెప్పాలనిపించింది. ఆమె ఏడుస్తుంటే నాకు తేలిగ్గా ఉంది.
"నా వల్ల ఆయనకేమన్నా అయితే, బాబూ?"
సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

జులై 20
సూర్రావు మెట్ల దగ్గర ఎదురయ్యాడు. నమస్కారం పెట్టలేదు.

ఆగస్టు 3
పడవతని భార్య మళ్లీ ఫోన్. మెడలో గడ్డ చేతికి తగులుతోందట. "ఆ పేషెంటుని ఏమన్నా అన్నారా అండీ?"
అన్నాం, అన్నాను.

ఆగస్టు 19
పార్సిల్. తెల్లటి లేసు గుడ్డ, బల్ల మీద పరుచుకునేది. చీటీలో క్షమించమని రాసింది. పడవాయన పేరు చెబితే కోరుకొండ గుడి మెట్లెక్కి మొక్కుకుంటుందట.
గుడ్డ మీద మీటరు పెట్టాను. ఏమీ లేదు. మళ్లీ పెట్టాను.
పోస్టుకార్డు తీశాను. పడవతని పేరు రాశాను. దాని కింద బుడగ మాట రాయాలి...