ఉల్లిమడిలో తుంగ

జూన్ 9

పొలం దున్నించేశాను. ఒక్కదాన్నే దగ్గరుండి! మామయ్య కంటి ఆపరేషన్‌కని సిటీలో ఉన్నారు, మా ఆయన కూడా అక్కడే. ట్రాక్టర్ తెచ్చిన పక్క పొలం బావ మబ్బులు చూపించి ఒకటే తొందర పెట్టాడు. ట్రాక్టర్ వెనక మట్టి గుల్ల చేసే రోటవేటర్ ఎవరిదైనా మన గట్టు దాటేముందు బ్లేడ్ల మట్టి గీకి కడగాలి. అది మామయ్య రూల్. వాన పడితే దుక్కి పాడవుతుందని కడిగించకుండా వదిలేశాను. సాయంత్రం దాకా ఒక్క చినుకు లేదు.

జూన్ 17

ఉల్లినారు నాటుకుంది, ముద్దొస్తోంది.

మామయ్యని ఇంటికి తెచ్చారు. కంటికి ప్లాస్టిక్ షీల్డ్, చూపు ఇంకా మసకే. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్నది ఇదే. వంగకూడదు, బరువెత్తకూడదు, లోపలి పొర మళ్లీ ఊడితే ఇక నా చేతుల్లో ఏమీ లేదని డాక్టర్ ఒకటికి పదిసార్లు చెప్పాడట.

జూన్ 21

చాళ్ల మధ్య పచ్చటి పోచలు. ఉల్లాకే అనుకుని ఒకటి తెంపి వేళ్ల మధ్య తిప్పాను. ఉల్లి అయితే గుండ్రంగా తిరగాలి. ఇది మూడంచులుగా తగిలింది.

తుంగ. బావ పొలం నిండా ఉండేది ఇదే. రోటవేటర్ దాని గడ్డల్ని మోసుకొచ్చి మడంతా చల్లింది.

గట్టు మీదే కూర్చుండిపోయాను.

జూన్ 22

మా ఆయనకి చెప్పాను. నోరు మెదపొద్దన్నాడు. తెలిస్తే నాన్న గునపం పట్టకుండా ఉండడన్నాడు. నిజమే. ఒకప్పుడు ఈ పొలమంతా తుంగేనట. మామయ్య ఒక్కో మొక్క చుట్టూ లోతుగా తవ్వి, దారంలాంటి వేరు వెంట చివరి గడ్డ దాకా వెళ్లి తీశారట. ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వరు. సగంలో తెంపేస్తారంటారు.

జూన్ 26

మామయ్య కంట పడకూడదని రోజూ పైపైన పీకేస్తున్నాను. గడ్డ లోపలే ఉండిపోతోందని తెలుసు. ఒకటి పీకిన చోట రెండు లేస్తున్నాయి. నడుము పట్టేసింది. ఆగాలంటే మాత్రం భయం.

జూన్ 28

పొలం చూస్తానంటున్నారు. ఎండ అన్నాను, బురద అన్నాను. ఒకే రోజు రెండూ ఎలాగమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను.

జులై 1

చెప్పాపెట్టకుండా వచ్చేశారు. చేతికర్రతో గట్టు మీద నిలబడి, ఒక ఉల్లాకు తెంపివ్వమన్నారు. ఏరి మరీ ఇచ్చాను. దాంతోపాటు నా చేతికి అంటుకున్న పోచ కూడా వెళ్లింది. దాన్ని వేళ్ల మధ్య తిప్పారు. మళ్లీ తిప్పారు.

పద ఇంటికి అన్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మాటివ్వమని బతిమాలాను. వంగనన్నారు. పొలానికి వెళ్లనని మాత్రం అనలేదు.

జులై 2

గునపం, పార అటకెక్కించాం. రేపు బెండకాయలు మార్కెట్‌కి తీసుకెళ్లక తప్పదు. మా ఆయన కాపలా.

జులై 3

వచ్చేసరికి మంచం ఖాళీ. నాన్న నిద్రపోతున్నాడనుకున్నాడట ఈయన. వంటింట్లో పెద్ద గరిట లేదు.

ఉల్లిమడిలో కూర్చుని ఉన్నారు, మెడ నిటారుగా పెట్టి, నేలని తడుముకుంటూ. గరిట వంకర పోయింది. పక్కన తుంగగడ్డల కుప్ప. ఒక్క వేరు తెగలేదు.

నా అడుగుల చప్పుడు విని, వంగలేదమ్మా అన్నారు.

తర్వాత, ఇంత మబ్బు పట్టిందేంటి, వానొస్తుందా అని అడిగారు.

ఆకాశంలో మబ్బు తునక లేదు.