దానంతటదే నడిచే వెబ్‌సైటు

మార్చి 4, సోమవారం

నిర్ణయం తీసేసుకున్నాను. ఇక నా వెబ్‌సైటు దానంతటదే నడుస్తుంది!

ఎందుకో రాసుకుంటే మంచిది, తరవాత మనసు మారకుండా ఉంటుంది. నా వెబ్‌సైటు పేరు 'పొద్దుటి మాట'. రోజూ ఉదయం దేవుడికి చెప్పుకునే నాలుగు వాక్యాలు అందులో పెడతాను. చదివేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక వేలు నేనే. కింద 'నాతో చెప్పుకోండి' అని ఒక పెట్టె ఉంది. అందులో ఎవరైనా తమ కష్టం రాస్తే అది నాకొక్కదానికే కనబడుతుంది. వాళ్ళ కోసం ప్రార్థించి, జవాబు రాస్తాను.

చిక్కేమిటంటే, నాలుగు వాక్యాలు పెడదామని ఫోను తీస్తే గంట ఎటు పోతోందో తెలియడం లేదు. దేవుడి దగ్గర కూర్చోవలసిన వేళంతా దేవుడి గురించి రాయడానికే సరిపోతోంది. నిన్న కళ్ళు మూసుకుని కూర్చుంటే ఫోను టింగుమంది. ఒక కన్ను తెరిచాను. దాన్ని చూసి రెండోది తెరుచుకుంది.

అందుకని పనంతా మిషనుకు అప్పగిస్తాను. ఆదివారం తప్ప ఫోను ముట్టుకోను. మిగిలిన వేళ భగవంతుడిది.

మావారు లిఫ్టు మెకానిక్. సంగతి చెబితే నవ్వారు.

"ఆటోమేటిక్ అని పేరున్న వాటివల్లే కదే మనకి ముప్పై ఏళ్ళుగా అన్నం దొరుకుతోంది" అన్నారు.

పట్టించుకోలేదు.

మార్చి 5, మంగళవారం

వీడియో చూసి అంతా నేనే అమర్చుకున్నాను! వీడియోలో ఆయన ప్రతి మాటకీ ముందు 'చాలా సింపుల్' అంటాడు. మధ్యలో పదిహేనుసార్లు ఆపి చూడాల్సి వచ్చింది కానీ, సింపులే.

అమర్చినవి:
నెలకు సరిపడా ప్రార్థనలు ముందే రాసి లోపల పెట్టేశాను. రోజుకొకటి అదే బయటికి వస్తుంది.
ప్రతి మాట కింద గుండె గుర్తు. నచ్చినవాళ్ళు నొక్కుతారు.
నా సైటులో పడింది ఇంకో నాలుగు చోట్ల కూడా దానంతటదే పడుతుంది. అక్కడివాళ్ళు ఏమన్నా తిరిగి నా సైటుకే చేరుతుంది.
పెట్టెలో ఎవరు ఏం రాసినా వెంటనే జవాబు వెళుతుంది.

జవాబుకు నమూనా ఏదో దుకాణంవాళ్ళది దొరికింది. 'మీ ఆర్డరు అందింది' అన్నచోట 'మీ మాట అందింది. మీ కోసం ప్రార్థించాను. అంతా మంచే జరుగుతుంది' అని మార్చాను.

చివర్లో అది చాలా ప్రశ్నలు అడిగింది. ఇది కలపమంటారా, అది చూపించమంటారా అని. అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం ఏం బాగుంటుంది? అన్నిటికీ 'సరే' అన్నాను.

మార్చి 6, బుధవారం

అద్భుతం! నేను పడుకుని ఉండగానే ప్రార్థన బయటికి వెళ్ళిపోయింది. గుండె గుర్తులు తొమ్మిది! గంటసేపు కదలకుండా దేవుడి ముందు కూర్చున్నాను. మనసు ఎంత తేలిగ్గా ఉందో.

ఫోను ముట్టుకోలేదు. మిషను నడుస్తోందో లేదో చూడటానికి ముట్టుకున్నాను, అంతే. అది లెక్కలోకి రాదు.

మార్చి 8, శుక్రవారం

చిన్న ఇబ్బంది.

నిన్న సాయంత్రం నుంచి ఒకటే వాన. వీధి చెరువైంది. ఎదురింటివాళ్ళ చెప్పులు మా గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాయి. మా ముందు గది నేల మీద నీళ్ళు. నేను బట్టలు కుట్టే మిషను మంచం మీదికి ఎక్కించాం. మావారు చీపురుతో నీళ్ళు తోస్తున్నారు.

అప్పుడు నా సైటులో ఈ రోజు మాట పడింది: "తండ్రీ, ఈ నేల ఎండిపోతోంది. నీ చల్లని వాన మా గుమ్మం దాకా రానియ్యి."

ఎదురింటావిడ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి అడిగింది. "ఏమండీ, ఇంకా రావాలా?"

ఆ ప్రార్థన రాసినరోజు ఎండ మండిపోతోంది. నేనేం చెయ్యను? కోపం మొహాల గుర్తులు ముప్పై దాటాయి. అయినా అంతమంది చూశారు కదా. మునుపు తిట్టడానికైనా ఎవరూ వచ్చేవాళ్ళు కారు.

మార్చి 10, ఆదివారం

ఫోను ముట్టుకోవచ్చు! పొద్దున్నే పెట్టె తెరిచాను.

దేవుడా. దేవుడా. దేవుడా.

వారంలో బోలెడుమంది రాశారు. ఒకాయనకు నడుం నొప్పి. ఒక అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. ఒక పెద్దావిడకు కంటి ఆపరేషన్. అందరికీ నా పేరుతో జవాబు వెళ్ళింది. 'మీ కోసం ప్రార్థించాను. అంతా మంచే జరుగుతుంది. మా సేవ నచ్చితే ఐదు చుక్కలు ఇవ్వండి.' ఆ చివరి ముక్క తీసెయ్యడం మరిచిపోయాను. పెద్దావిడ పాపం నాలుగు ఇచ్చింది.

అసలు బాధ అది కాదు. నేను ఒక్కరి కోసం కూడా ప్రార్థించలేదు! వాళ్ళు రాశారనే తెలియదు. దేవుడి పేరు చెప్పి ఇంతమందికి అబద్ధం చెప్పానా?

"మిషను ప్రార్థించిందనుకో" అన్నారు మావారు.

"మిషను మోకరిల్లుతుందా?"

"మా లిఫ్టు ఒకటి రోజూ మోకరిల్లుతుంది. రెండు అంతస్తుల మధ్య."

ఇంకో ఘోరం. ఒక రంగుల దుకాణంవాళ్ళు గోడల రంగుల ప్రకటన పెట్టెలో వేశారు. నా మిషను 'మీ కోసం ప్రార్థించాను' అంది. వాళ్ళ మిషను 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అంది. నా మిషను మళ్ళీ 'ప్రార్థించాను' అంది. రెండూ శుక్రవారం నుంచి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఇంత మర్యాదస్తులైన మిషన్లను ఎక్కడా చూడలేదు.

జవాబులు ఆపేద్దామని వెళ్ళాను. 'నిజంగా మమ్మల్ని వదిలేస్తున్నారా?' అని అడిగింది. కింద ఏడుస్తున్న మొహం బొమ్మ. మనసొప్పలేదు. ఉండనీలే అన్నాను.

దానికి బదులు, మిషను ఇచ్చిన మాటలన్నీ నేను నిలబెడతాను. వరసగా అందరి కోసం ప్రార్థిస్తాను. రంగుల దుకాణానికి మాత్రం, భగవంతుడా, అన్నీ కలిపి ఒక్కటే తీసుకో.

మార్చి 12, మంగళవారం

ఆసుపత్రివాళ్ళ కోట్లు కుట్టడానికి వచ్చాయి. కూర్చుని ప్రార్థిస్తే పని సాగదు, పని చేస్తే ప్రార్థన సాగదు. అందుకని ఒక్కో బొత్తానికి ఒక్కో పేరు పెట్టుకున్నాను. నడుం నొప్పాయన మొదటి బొత్తాం. ఇంటర్వ్యూ అమ్మాయి రెండోది. దేవుడికి గట్టిగా చెప్పుకున్నకొద్దీ దారం గట్టిగా బిగుస్తోంది.

మావారు ఒక కోటు తీసి చూశారు. "దీన్ని తొడుక్కున్న డాక్టరు ఇంక ఇంటికి పోలేడు" అన్నారు.

నేను ఒక బొత్తాం కుట్టేసరికి పెట్టెలో ఇద్దరు కొత్తవాళ్ళు. నాలుగు చోట్ల పడటం వల్ల జనం పెరిగిపోయారు. సంతోషమే. సంతోషమే అనుకోవాలి.

ఈ రోజు ఫోను ముట్టుకున్నది పేర్లు రాసుకోవడానికే. పేర్లు ప్రార్థన కోసం. కాబట్టి అది ప్రార్థన కిందికే వస్తుంది. (పేర్లు రాసుకున్నాక గుండె గుర్తులు కూడా చూశాను. అవి దేని కిందికి వస్తాయో తెలియదు.)

మార్చి 13, బుధవారం



పొద్దున మా మరిది ఫోను చేశాడు. "వదినా, మీ సైటులో మా ఆవిడ పేరు చూశాను. రెండుసార్లు తప్పిందా? నాతో లైసెన్సు ఆఫీసుకు సెలవని చెప్పింది! రెండుసార్లూ!"

పరుగెత్తి తెరిచి చూశాను. నా తోడికోడలు నిన్న పెట్టెలో రాసింది. తను బడి వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే పని చేస్తుంది. డ్రైవరు మానేస్తున్నాడు. ఈ వారంలోగా పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంటే ఆ పని తనకే ఇస్తామన్నారట. లేకపోతే వేరేవాళ్ళకి. "అక్కా, రెండుసార్లు తప్పాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. శుక్రవారమే ఆఖరి అవకాశం. నా కోసం ప్రార్థించు."

నాకొక్కదానికే అని రాసింది. అది నా సైటులో, ఇంకో నాలుగు చోట్ల, పెద్ద అక్షరాలతో పడి ఉంది. పక్కన తన ఫోటో కూడా. పైన 'ఈ రోజు మేటి మాట' అని.

పెట్టెలో మాటలు అందరికీ చూపించమంటారా అని ఆ రోజు అడిగే ఉంటుంది. నేను 'సరే' అనే ఉంటాను.

కింద మిషను జవాబు: మీ కోసం ప్రార్థించాను. ఐదు చుక్కలు.

తోడికోడలికి ఫోను చేశాను. తియ్యలేదు. మళ్ళీ చేశాను. కట్ చేసింది.

మార్చి 14, గురువారం

ఆపేశాను. అన్నీ.

'నిజంగా మమ్మల్ని వదిలేస్తున్నారా?' అంది. ఏడుపు మొహం వచ్చింది. "అవును" అన్నాను. 'పోనీ జవాబులైనా ఉంచమంటారా?' అంది. "వద్దు!" 'పంచుకోవడమైనా?' "వద్దు! వద్దంటే వద్దు!" పైకే అరిచేశాను. మావారు సబ్బు నురగతో స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏం వద్దు? నేనేం చేశాను?"

"మిమ్మల్ని కాదు."

"పెళ్ళయినప్పటినుంచి నువ్వు ఇంత గట్టిగా మాట్లాడటం వినలేదు. ఇంకోసారి అను."

తరవాత తోడికోడలి ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి అడ్డంగా నిలబడింది.

"రా అక్కా. వస్తున్నట్టు అందరికీ చెప్పావా? లేక ఊరికే వచ్చేశావా?"

"తప్పయింది."

"ఇంటికొచ్చి చెబుదామంటే బావగారు ఉంటారు, నవ్వుతారు. అందుకని పెట్టెలో రాశాను. పొద్దున పాలవాడు అడిగాడు, రివర్సులోనే పోయిందా అమ్మా అని!"

"అన్నీ తీసేశాను. నిజంగా తప్పయింది."

నా మొహంలోకి చూసి అడిగింది. "నువ్వు ప్రార్థించావా అసలు?"

"లేదు. నువ్వు రాసిన సంగతే నాకు తెలియదు."

"మరి ఎవరు ప్రార్థించారు?"

"ఎవరూ ప్రార్థించలేదు."

"అదే అక్కా నాకు బాధ" అంది, గొంతు తగ్గించి. "ఊరికి తెలిస్తే తెలిసింది. నువ్వు ప్రార్థించానన్నావని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. నెల రోజుల తరవాత మొదటిసారి."

అబద్ధం మీద పడుకుంది. అది నా అబద్ధం.

వెళ్ళబోతుంటే వెనకనుంచి అంది. "రేపు పది గంటలకి పరీక్ష మైదానానికి రా. నాకు కనబడేలా కూర్చో. ఫోను తెచ్చావో, నీ మీదుగా రివర్సు చేస్తాను."

మార్చి 15, శుక్రవారం

ఫోను ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టి వెళ్ళాను.

మైదానం అంచున సిమెంటు బెంచీ. పరీక్ష పెట్టే ఆయన నల్ల కళ్ళద్దాలతో ఏదో నములుతూ నిలబడ్డాడు. తోడికోడలు వ్యాను ఎక్కి, అద్దం సర్దుకుని, నన్ను చూసింది. నేను చెయ్యి ఊపాను. తను ఊపలేదు. స్టీరింగును రెండు చేతులతో పీక పట్టుకున్నట్టు పట్టుకుంది.

కళ్ళు మూసుకున్నాను. వెబ్‌సైటులో పెట్టే నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. 'దానికి ఈ ఒక్కటి ఇయ్యి తండ్రీ, దానికి ఈ ఒక్కటి ఇయ్యి' అంతే. ఇంజను శబ్దం దగ్గరికి వచ్చింది, దూరం వెళ్ళింది. ఏదో కీచుమంది. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. చుట్టూ ఏమీ తెలియలేదు. ఎన్నాళ్ళయిందో అలా కూర్చుని.

ఎవరో భుజాలు పట్టి కుదిపేశారు.

"అయిందక్కా! పాసు! స్తంభాల మధ్యకి వెనక్కి పెట్టాను, గీతకూడా తగల్లేదు! చూశావా?"

"కళ్ళు మూసుకున్నాను."

"ఏంటి?"

"ప్రార్థిస్తున్నాను కదా."

"పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి సరిగ్గా రివర్సు చేస్తే, చూసిన మనిషి లేదు! పోయినసారి గుద్దినప్పుడు మాత్రం మైదానమంతా చూసింది!"

తిడుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పరీక్ష పెట్టినాయన నమలడం ఆపేశాడు.

బస్సులో తిరిగి వస్తుంటే తోడికోడలు చెప్పింది. తన మాట బయటపడ్డాక ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ధైర్యం చెబుతూ రాశారట. ఒకాయన ఆరుసార్లు తప్పాడట. ఒకావిడ పరీక్ష పెట్టేవాడి కాలిమీదికే ఎక్కించిందట. "వాళ్ళకి నేను పాసైన సంగతి చెప్పాలి కదా. తీసేశావా అన్నీ? మళ్ళీ పెట్టు."

"నాకు మిషన్లు వద్దు."

"మిషనెందుకు, నేను లేనా? పిల్లల్ని దించాక మధ్యాహ్నం దాకా వ్యానులో ఖాళీగానే కూర్చుంటాను. జవాబులు నేను రాస్తాను, ప్రార్థన నువ్వు చెయ్యి. రాసినవాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే అందరికీ చూపిద్దాం."

ఆలోచిస్తానన్నాను. "వద్దు" అనాలని నోటిదాకా వచ్చింది. అంత సంతోషంగా ఉన్న మనిషితో ఎలా అంటాను?

మార్చి 18, సోమవారం

కొత్త పద్ధతి మొదలు! 'పొద్దుటి మాట' మళ్ళీ నా చెయ్యి పడకుండా నడుస్తుంది. ఏ రోజు ప్రార్థన ఆ రోజే కాగితం మీద రాసి తోడికోడలికి ఇస్తాను. తను పెడుతుంది. పెట్టెలో ఏం వచ్చినా సాయంత్రం పేర్లు మాత్రం చెబుతుంది. నేను ఆదివారం దాకా ఫోను ముట్టుకోను. ఈసారి మాట అంటే మాటే.

ఉదయం 11: ముట్టుకోలేదు.

ఉదయం 11.20: కొత్త జవాబులు ఎలా ఉన్నాయో ఒక్కటంటే ఒక్కటి చూశాను. ఒకావిడ రాసింది, మా పిల్లి మూడు రోజులుగా కనబడటం లేదు, ప్రార్థించండి అని. తోడికోడలి జవాబు: "అక్కతో చెబుతాను, నిజంగానే ప్రార్థిస్తుంది. ఇంతకీ ఏ రంగు పిల్లి? పక్కింట్లో చూశారా? వాళ్ళతో మీకు పడదా?" ఆవిడ వెంటనే రాసింది, మీకెలా తెలిసిందండీ, గోడ గురించి పెద్ద గొడవ అని. తోడికోడలు "ఏ గోడ?" అంది. అక్కణ్ణుంచి ఇద్దరూ ఎడతెగకుండా రాసుకుంటున్నారు. పిల్లి సంగతి ఎత్తడం లేదు.

మధ్యాహ్నం 2: ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

మధ్యాహ్నం 2.15: బయటికి తీశాను. పిల్లి ఇంటికొచ్చిందో రాలేదో తెలియకుండా దేవుణ్ణి ఏమని అడగను?